పై లీగుకి వెళ్తే అప్పు పుడుతుంది

సంపాదకులు గారికి,
నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆటల పేజీలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్లేఆఫ్ ఫైనల్ గురించి వ్యాసం వేశారు. అక్కడ క్లబ్బులు మెట్లలాంటి డివిజన్లలో ఆడతాయి, అన్నిటికంటే పైది ప్రీమియర్ లీగ్. ఏటా బాగా ఆడినవి పై మెట్టుకి ఎక్కుతాయి, అడుగున నిలిచినవి కింది మెట్టుకి జారతాయి. రెండో డివిజన్ నుంచి పైకెక్కే ఆఖరి చోటు కోసం ఆడేదే ఈ ప్లేఆఫ్ ఫైనల్. లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఆ ఒక్క మ్యాచ్ గెలిచి ప్రీమియర్ లీగ్‌లోకి వెళ్తే క్లబ్బు అప్పులన్నీ ఒక్క దెబ్బతో తీరిపోతాయని అందులో ఉంది. ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి పక్కన ‘ఎలా?’ అని రాసుకున్నాను. లోన్ దరఖాస్తుల మీద 34 ఏళ్లు అదే పని చేసినదాన్ని, చెయ్యి ఊరుకోలేదు.

నేను రిటైరైన బ్యాంకు మేనేజర్ని. సర్వీసులో ఎక్కువ భాగం పల్నాడు పల్లెల్లో పత్తి, మిర్చి రైతులకు పంట రుణాలు ఇవ్వడంతోనే గడిచింది. ఈవిడకి ఫుట్‌బాల్ ఎందుకు అంటారేమో. మా అమ్మాయి ఇంగ్లండ్‌లో బ్రాడ్‌ఫర్డ్ అనే ఊళ్లో డాక్టరు. రెండుసార్లు వెళ్లి ఆర్నెల్ల చొప్పున ఉండి వచ్చాను. మా మనవడికి పదకొండేళ్లు. వాడికి బ్రాడ్‌ఫర్డ్ సిటీ క్లబ్బంటే ప్రాణం. ఆ క్లబ్బు రంగులు ముదురెరుపు, పసుపు. వాడు మొదటిసారి ఆ చొక్కా తొడుక్కుని ఎదురొస్తే ‘పసుపు కుంకుమ చొక్కా’ అన్నాను. ఇప్పుడు ఆ ఇంట్లో దాని పేరే అది. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నాకు వాడే నేర్పాడు, సగమే వచ్చింది. అప్పుల లెక్క మాత్రం నేను వాడికి నేర్పాను.

అందుకే బ్రాడ్‌ఫర్డ్ సంగతే ముందు చెబుతాను. వాళ్ల స్టేడియం పేరు వ్యాలీ పరేడ్. ఏటవాలు వీధుల మధ్య, వరస ఇళ్ల పైకప్పుల వెనక ఉంటుంది. 1985 మే 11న అక్కడ స్టాండ్ తగలబడి 56 మంది చనిపోయారు. మా అమ్మాయి వాళ్ల పక్కింటి పెద్దాయన ఆ సంగతి ఎవరైనా ఎత్తితే మాట మార్చేస్తాడు. ఆయన ఇష్టంగా చెప్పేది 2000 మే 14 గురించి. ఆ క్లబ్బు 77 ఏళ్ల తర్వాత 1999లో పై డివిజన్‌లోకి వచ్చింది. మరుసటి ఏడు సీజన్ ఆఖరి రోజున సొంత గ్రౌండ్‌లో లివర్‌పూల్‌ని 1-0తో ఓడించి కిందికి జారకుండా నిలబడింది. గోల్ డేవిడ్ వెదరాల్ తలతో కొట్టాడు. ఆ మాట చెప్పేటప్పుడు పెద్దాయన బంతి ఎక్కడ తగిలిందో తన నుదుటి మీద వేళ్లతో టప్‌మని కొట్టుకుని మరీ చూపిస్తాడు. నేనున్న ఆరు నెలల్లో నాలుగుసార్లు చూపించాడు.

మరి ఆ గోల్ తర్వాత ఏమైంది? టాప్ లీగ్‌లో రెండో ఏడాది ఖాయమైంది, టీవీ డబ్బు, అంటే మ్యాచ్‌లు చూపించే హక్కులకి టీవీ కంపెనీలిచ్చే డబ్బు, వస్తుంది. ఛైర్మన్ జెఫ్రీ రిచ్‌మండ్ ఆ వేసవిలో పెద్ద పేరున్న ఆటగాళ్లను తెచ్చాడు. అందులో ఇటలీ ఆటగాడు బెనిటో కార్బోనేకి వారానికి 40 వేల పౌండ్లు. నెలకి కాదండీ, వారానికి! ఆ రోజుల్లో ఆ ఊళ్లో ఒక మామూలు ఉద్యోగికి ఏడాదంతా పనిచేసినా అంత రాదు. సీజన్ అయ్యేసరికి, 2001లో, క్లబ్బు కిందికి పడిపోయింది. ఆటతో పాటు టీవీ డబ్బూ పడిపోయింది. కాంట్రాక్టులు మాత్రం పడవు కదా, రాసిన కాగితం మీద రాసినట్టే ఉంటాయి. పైగా 2002లో కింది డివిజన్ల మ్యాచ్‌లు చూపించే ఐటీవీ డిజిటల్ దివాలా తీసి రావాల్సిన డబ్బు కూడా ఆగిపోయింది. ఆ మే నెలలోనే బ్రాడ్‌ఫర్డ్ అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. అంటే అప్పులవాళ్లు మీద పడకుండా కోర్టు రక్షణలో, బయటి అకౌంటెంట్ల చేతికి క్లబ్బు తాళాలు పోవడం. 2004లో మళ్లీ వెళ్లింది. 2007 నాటికి నాలుగో డివిజన్‌లో తేలింది. ఆ వేసవి ఖర్చును ‘ఆరు వారాల పిచ్చి’ అని రిచ్‌మండే తర్వాత ఒప్పుకున్నాడు. కార్బోనే మాత్రం తనకి రావాల్సినదాంట్లో పెద్ద మొత్తమే వదులుకుని వెళ్లాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు కూడా పక్కింటాయన గొంతు కొంచెం మారుతుంది.

ఇంకో చిత్రం చూడండి. అదే మ్యాచ్ గెలవలేక లివర్‌పూల్ నాలుగో స్థానంలోనే ఆగిపోయి, పక్క ఊరు లీడ్స్ జట్టు మూడో స్థానంలో నిలిచి, యూరప్‌లోని మేటి క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్‌కి వెళ్లే దారి పట్టింది. అక్కడ 2001లో సెమీఫైనల్ దాకా ఆడింది. ప్రతి ఏడూ అలాగే ఆడతామన్న ధీమాతో, ముందు ముందు అమ్మబోయే టికెట్ల డబ్బు తాకట్టు పెట్టి 6 కోట్ల పౌండ్లు అప్పు తెచ్చింది. 25 ఏళ్ల గడువు. తర్వాతి ఏడాది నుంచి ఛాంపియన్స్ లీగ్ అందలేదు. ఆటగాళ్లను తెగనమ్ముకున్నారు, 2004లో కిందికి జారారు, స్టేడియం అమ్మారు, 2007లో అడ్మినిస్ట్రేషన్, మూడో డివిజన్. మళ్లీ పైకి రావడానికి 2020 దాకా పట్టింది. ఛైర్మన్ గదిలో బంగారు చేపల తొట్టె కూడా అద్దెకు తెచ్చినదేనని అప్పట్లో ఇంగ్లండ్ అంతా నవ్వుకుంది. నేను ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లి ఉంటే చేపల జోలికి పోయేదాన్ని కాదు. 25 ఏళ్ల టికెట్లు ఈ రోజే తాకట్టు పెట్టిన కాగితం ముందు అడిగేదాన్ని. నవ్వులపాలైంది మాత్రం చేపలే.

ఒకే ఒక్క మ్యాచ్‌తో పది మైళ్లు కూడా దూరం లేని రెండు క్లబ్బులకీ కలిసొచ్చి, రెండూ మునిగాయి.

ఇక్కడే మా మిర్చి రైతు గుర్తొస్తాడు. ఒక ఏడు క్వింటాల్ రేటు బ్రహ్మాండంగా పలికింది. మూడెకరాల ఆసామి ఒకాయన పూతరేకుల పెట్టె పట్టుకుని బ్రాంచికి వచ్చాడు. పాత బాకీ అంతా కడతాడనుకున్నాను. వడ్డీ కట్టి, అసలు ‘బుక్ అడ్జస్ట్‌మెంట్’ చేయమన్నాడు, అంటే కాగితం మీద కట్టినట్టూ మళ్లీ తీసుకున్నట్టూ. ఎందుకయ్యా అంటే, ఇంకో ఆరెకరాలు కౌలుకి తీసుకున్నానమ్మా అన్నాడు. రేటు చూసి ఊళ్లో కౌళ్లు కూడా పెరిగాయి, కూలి రేట్లు పెరిగాయి, విత్తనం ప్యాకెట్ పెరిగింది. మరుసటి ఏడు బొబ్బర తెగులు తగిలింది. బాకీ మూడెకరాలది కాదు ఇప్పుడు, తొమ్మిదెకరాలది. ఆయన తాగుబోతు కాదు, జూదరి కాదు. మంచి రేటు చూసిన మనిషి, అంతే. మంచి రేటు వచ్చినప్పుడు మా బ్యాంకే ఆయన లిమిట్ పెంచింది, ఆ సంతకం నాదే.

క్లబ్బులకి జరిగేది అచ్చంగా ఇదే. ప్రీమియర్ లీగ్‌లో ఆఖరున నిలిచిన జట్టుకి కూడా ఇప్పుడు ఏడాదికి 10 కోట్ల పౌండ్లకు పైగానే లీగ్ నుంచి వస్తుంది. రూపాయల్లో వెయ్యి కోట్లు దాటుతుంది. వినడానికి ఏ అప్పైనా తీరిపోయేంత డబ్బే. కానీ అది చేతికి రాకముందే దాని మీద ఎన్ని చేతులు ఉన్నాయో చూడండి. పైకి వస్తే ఇంత బోనస్ అని ఆటగాళ్ల కాంట్రాక్టుల్లో ముందే రాసి ఉంటుంది. జీతాలు పెరుగుతాయి. పాత జట్టుతో పై లీగ్‌లో నిలబడలేరు, కొత్తవాళ్లను కొనాలి, అదీ వాయిదాల మీద. కెమెరాలకీ ఫ్లడ్‌లైట్లకీ లీగ్ చెప్పిన ప్రకారం స్టేడియం బాగుచేయాలి. ల్యూటన్ క్లబ్బు 2023లో పైకి వచ్చినప్పుడు, ఇళ్ల మధ్య నుంచి మెట్లెక్కి వెళ్లే వాళ్ల పాత స్టేడియాన్ని సరిచేయడానికే సుమారు కోటి పౌండ్లు పెట్టింది. ఇవన్నీ కాక, రాబోయే టీవీ డబ్బునీ, ఆటగాళ్లను అమ్మితే రావాల్సిన వాయిదాలనీ ముందే చూపించి అప్పు తెచ్చుకునే పద్ధతి అక్కడ మామూలే. గుంటూరు యార్డులో కమిషన్ కొట్టు నుంచి పెట్టుబడి తెచ్చుకుని, పంట కోయకముందే అది ఆయన కొట్టుకే తోలాలని ఒప్పుకోవడం లాంటిదే. కాయ ఎండకముందే లెక్క అయిపోతుంది.

మళ్లీ పడిపోతే? పారాషూట్ డబ్బు, అంటే కిందికి పడిన క్లబ్బుకి లీగ్ కొన్నేళ్లు ఇచ్చే ఆసరా, ఉంటుంది, నిజమే. టీవీ డబ్బులో అన్ని క్లబ్బులకీ సమానంగా పంచే భాగంలోంచి మొదటి ఏడు 55 శాతం, రెండో ఏడు 45, మూడో ఏడు 20 ఇస్తారు. ఒక్క సీజన్‌కే పడిపోయినవాళ్లకి ఆ మూడో ఏడాదిది లేదు. మరి పైకొచ్చినవాళ్లు నిలబడ్డారా? 2023లో పైకొచ్చిన ల్యూటన్, బర్న్‌లీ, షెఫీల్డ్ యునైటెడ్ మూడూ ఏడాది తిరక్కుండా పడ్డాయి. 2024లో పైకొచ్చిన లెస్టర్, ఇప్స్‌విచ్, సౌతాంప్టన్ కూడా మూడూ పడ్డాయి. ఆరుకి ఆరు. మా బ్రాంచిలో ఇలాంటి రికవరీ ఉంటే రీజినల్ ఆఫీసు నన్ను శ్రీకాకుళం ట్రాన్స్‌ఫర్ చేసి ఉండేది.

మీ వ్యాసంలో ఆస్టన్ విల్లా, డర్బీల ఉదాహరణ ఇచ్చారు. 2019 ఫైనల్లో విల్లా 2-1తో గెలిచి బాగుపడింది, ఓడిన డర్బీ 2021లో అడ్మినిస్ట్రేషన్‌లోకి పోయింది, చూశారా ఒక్క మ్యాచ్ మహిమ అని. తారీఖులు ఇంకొంచెం వెనక్కి చూడండి. విల్లా 2018 ఫైనల్లో ఓడిపోయింది. అది జరిగిన కొన్ని రోజులకే పన్ను కట్టడానికి డబ్బు లేని స్థితికి వచ్చింది. అప్పుడు, ఇంకా రెండో డివిజన్‌లో ఉండగానే, సవిరిస్, ఎడెన్స్ అనే ఇద్దరు పెద్ద ధనవంతులు వచ్చి క్లబ్బును తీసుకున్నారు. విల్లాని గట్టెక్కించింది వాళ్ల డబ్బు. ప్రమోషన్ ఆ తర్వాతి ఏడాదిది. ఇక డర్బీ మునిగింది పైకి వెళ్లలేకపోయినందుకేనా? పైకి వెళ్లాలని ఏళ్ల తరబడి రాబడికి మించి జీతాలిచ్చినందుకు. 2018లో లెక్కలు చక్కగా కనపడాలని సొంత స్టేడియాన్నే యజమానికి చెందిన ఇంకో కంపెనీకి 8 కోట్ల పౌండ్లకు పైగా అమ్మినట్టు చూపారు. కుడిచేత్తో అమ్మి ఎడమచేత్తో కొన్నట్టు. ఇల్లు బావమరిది పేర రాసి ‘నాకు ఆస్తి లేదు మేడం’ అన్నవాళ్లని చాలామందిని చూశాను. ఆస్తి లేదని చూపించేవాళ్లే తెలుసు నాకు, అదే పని చేసి లాభం వచ్చిందని చూపించినవాళ్లని చూడటం ఇదే మొదలు.

నాకు అన్నిటికంటే మింగుడుపడనిది పోర్ట్స్‌మత్ కథ. 2003లో పై లీగ్‌కి వచ్చింది. 2008లో అన్ని డివిజన్ల క్లబ్బులూ పోటీపడే ఎఫ్‌ఏ కప్ గెలిచింది. కేవలం 20 వేల మంది పట్టే పాత స్టేడియం, జీతాలు మాత్రం ఎక్కడికో వెళ్లిపోయాయి. 2010 ఫిబ్రవరిలో, ప్రీమియర్ లీగ్‌లో ఉండగానే అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లిన మొట్టమొదటి క్లబ్బుగా పేరు తెచ్చుకుంది. అప్పు దాదాపు 12 కోట్ల పౌండ్లు. కింది లీగ్‌లో మగ్గి చేసిన అప్పు కాదది. ఏడేళ్లు టాప్ లీగ్ టీవీ డబ్బు తింటూ చేసిన అప్పు.

అప్పులవాళ్ల జాబితా బయటకొచ్చినప్పుడు అందులో ఒక పద్దు ఉంది. సెయింట్ జాన్ అంబులెన్స్, 2,702 పౌండ్లు. మ్యాచ్ రోజు గ్రౌండ్ పక్కన ఫస్ట్ ఎయిడ్ పెట్టె పట్టుకుని నిలబడే వాలంటీర్ల సంస్థ అది. జనంలో ఎవరికైనా గుండెల్లో నొప్పొస్తే పరిగెత్తేది వాళ్లే. వారానికి వేలకు వేల పౌండ్లు జీతాలిచ్చిన క్లబ్బు వాళ్లకి ఆ కాస్తా బాకీ పెట్టింది. ఇంకో నిబంధన వినండి. ఇంగ్లండ్‌లో క్లబ్బు దివాలా తీస్తే ఆటగాళ్ల బకాయిలూ, వేరే క్లబ్బులకి ఇవ్వాల్సినవీ పూర్తిగా తీర్చాలి, లేకపోతే లీగ్‌లో ఆడనివ్వరు. మిగతావాళ్లకి, అంటే ప్రింటింగ్ ప్రెస్సుకీ, క్యాటరింగ్‌కీ, ప్రభుత్వ పన్నుకీ, ఆ అంబులెన్స్ వాళ్లకీ, పోర్ట్స్‌మత్ ఇస్తానన్నది పౌండుకి 20 పెన్నీలు. అదీ ఒకేసారి కాదు. పన్ను శాఖ కోర్టుకెళ్లి మరీ కాదంది, ఓడిపోయింది. మా బ్యాంకులోనూ వన్ టైమ్ సెటిల్‌మెంట్లు చేశాను, రూపాయికి ఇరవై పైసలకి ఒప్పుకున్న రోజులూ ఉన్నాయి. కానీ ఊళ్లో సోడాబండివాడిని ఆ వరసలో ఆఖరున నిలబెట్టి, పెళ్లికి తెచ్చిన సినిమా స్టార్‌కి ముందు పూర్తిగా కట్టించే రూలు ఎక్కడా చూడలేదు.

ఆ క్లబ్బు అప్పు చివరికి ఎక్కడ తీరిందో తెలుసా? నాలుగో డివిజన్‌లో. 2012లో రెండోసారి అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లాక, 2013లో అభిమానులే ట్రస్టుగా ఏర్పడి, మనిషికి వెయ్యి పౌండ్ల వాటాలు వేసుకుని క్లబ్బును కొన్నారు. 2014 సెప్టెంబరుకల్లా పాత బాకీలు తీరిపోయాయని ప్రకటించారు. స్టార్లు లేరు. వచ్చినదాంట్లో ఖర్చుపెట్టారు. ఆ తర్వాతే, 2017లో మూడో డివిజన్‌కి, 2024లో రెండో డివిజన్‌కి ఎక్కారు. అప్పు తీర్చి మెట్టెక్కారు, మెట్టెక్కి అప్పు తీర్చలేదు.

పై లీగ్ డబ్బుతో బాగుపడినవాళ్లే లేరని అనను, అబద్ధమవుతుంది. బర్న్‌లీ ఉంది. 2014లో పైకొచ్చి, ఆ ఏడాది ఆటగాళ్ల మీద ఎగబడకుండా, కిందికి పడినా సరే అని డబ్బు దాచుకుంది. పడింది కూడా. కానీ అప్పులు తీరాయి, ప్రాక్టీస్ గ్రౌండ్ బాగుపడింది, 2016లో మళ్లీ పైకొచ్చింది. ఆ క్లబ్బు మేనేజ్‌మెంట్‌ని మా రీజినల్ మీటింగ్‌కి పిలిచి ఉపన్యాసం ఇప్పించాలనిపించింది నాకు. అక్కడితో కథ ఆగితే బాగుండేది. 2020 డిసెంబరులో అమెరికా ఇన్వెస్టర్లు ఆ క్లబ్బును కొన్నారు. కొనడానికి తెచ్చిన అప్పులో పెద్ద భాగం క్లబ్బు నెత్తి మీదే పెట్టారు! అప్పు లేని క్లబ్బు, తనని ఎవరో కొన్నందుకు అప్పులపాలైంది. 2022లో కిందికి పడగానే ఆ బాకీలో కొంత వెంటనే కట్టాల్సి వచ్చింది. పై లీగ్‌లో ఉండటం వల్లే ఆ క్లబ్బు మీద అంత అప్పు పుట్టింది. రెండో డివిజన్‌లో ఉండుంటే ఎవరిచ్చేవారు?

నా అభ్యంతరం ఇదే. పై మెట్టు ఎక్కితే పెరిగేది పరపతి, అంటే అప్పు పుట్టే శక్తి. పరపతిని ఆదాయం అనుకోవడం మా ఖాతాదార్లూ చేశారు, మేమూ చేశాం. నాకు ఆఫీసర్‌గా ప్రమోషన్ వచ్చిన ఏడాదే మా ఇంట్లో మొదటిసారి రెండు ఈఎంఐలు ఒకేసారి మొదలయ్యాయి, మా ఆయన్ని అడిగినా చెబుతారు.

మన దగ్గర సంగతి వేరు కదా అని కొందరనొచ్చు. ఇంకా కష్టం. మన దేశంలో కింది మెట్టు ఐ-లీగ్ గెలిచి 2024లో పై మెట్టు ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లోకి వచ్చిన కోల్‌కతా మహమ్మడన్ స్పోర్టింగ్‌కి ఇంగ్లండ్‌లోలా టీవీ డబ్బు కురవలేదు. ఖర్చు మాత్రం పై లీగ్ ఖర్చే. ఆ సీజన్ మధ్యలోనే జీతాలు అందక ఆటగాళ్లు ప్రాక్టీస్ మానేశారు, జట్టు అట్టడుగున నిలిచింది. హైదరాబాద్ ఎఫ్‌సీ అయితే 2022 మార్చిలో ఐఎస్‌ఎల్ టైటిలే గెలిచింది. ఆ రాత్రి సంబరపడ్డ పిల్లలకి ఇప్పుడు చూసుకోవడానికి ఆ జట్టే లేదు. జీతాల బకాయిల గొడవలు నడిచి నడిచి, ఆ టీమ్ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. లీగ్ మొత్తానికి కప్పు గెలిచినా తీరని అప్పు, లీగ్‌లోకి అడుగుపెట్టినంత మాత్రాన తీరుతుందా?

కాబట్టి మీకు ఒక విన్నపం. ప్లేఆఫ్‌ల వార్త వేసేటప్పుడు గెలిస్తే ఎన్ని కోట్లో పెద్ద అక్షరాల్లో వేస్తున్నారు. దాని పక్కనే ఆ క్లబ్బు ఏడాది జీతాల బిల్లు ఎంత, బాకీ ఎంత, అది ఎవరికి, ఏ గడువులో అని నాలుగు గళ్లు వేయండి. ఇంగ్లండ్ క్లబ్బుల లెక్కలు ఏటా ప్రభుత్వ రికార్డులో చేరతాయి, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మా మనవడితో నేను రెండు క్లబ్బులవి చూశాను. వాడికి విసుగొచ్చింది, నాకు రాలేదు.

2025 మే మొదటి శనివారం వాడు వీడియో కాల్ చేశాడు. పసుపు కుంకుమ చొక్కాలో, గొంతు పోయి ఉంది. బ్రాడ్‌ఫర్డ్ ఆఖరి మ్యాచ్‌లో 96వ నిమిషంలో గోల్ కొట్టి నాలుగో డివిజన్ నుంచి మూడోదానికి ఎక్కింది. వెనక ఎవరో పాడుతున్నారు, పక్కింటాయన కళ్లు తుడుచుకుంటూ ఫోన్లోకి తొంగిచూసి నాకు చెయ్యి ఊపాడు. నాకూ ఒళ్లు పులకరించింది, ఎందుకు దాచాలి? అయినా నోరు ఊరుకోక, “మరి వచ్చే ఏడు జీతాలు ఎంత పెంచుతారట్రా?” అని అడిగాను.

“అమ్మమ్మా, ముందు గోల్ చూడు” అన్నాడు వాడు, ఫోన్ టీవీ వైపు తిప్పి.

ఇట్లు,
విశ్రాంత బ్యాంకు మేనేజర్, సత్తెనపల్లి
(పేరు ప్రచురించవద్దని మనవి)